రాజమహేంద్రవరమునకు రెండు దినముల యాత్ర

తీర్థయాత్ర యనగానే మన పెద్దలకు మొదట కాశీ, రామేశ్వరములు స్ఫురించును. ఆ యాత్రలకు వారములు కావలెను, సెలవు కావలెను, ధనము కావలెను. అన్నిటికంటె మించి నడువగల కాళ్లు కావలెను. ఇవి యన్నియు ఒక ఇంటికి ఒక్కమారే సమకూడుట అరుదు. కావుననే ఎన్నియో ఇండ్లలో “వచ్చే యేడు చూతము” అను మాటతో యాత్ర వాయిదా పడుచుండును. ఆ వచ్చే యేటికి పెద్దవారి మోకాళ్లు మరియొక యేడు ముదురును.

అట్టి ఇండ్లవారు శని, ఆదివారములలో నిర్వహించుకొనదగిన యాత్ర యొకటి మన ముంగిటనే కలదు. అది గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరము. చిరకాలము రాజమండ్రి యని వాడుకలోనున్న ఈ పట్టణమునకు 2015లో ప్రభుత్వము పాత పేరునే తిరిగి ఇచ్చినది. విజయవాడ నుండి రైలులో నూటయేబది కిలోమీటర్లు, విశాఖపట్టణము నుండి రెండువందల కిలోమీటర్లు. హైదరాబాదువారు రాత్రి రైలెక్కి నిద్రించిన గోదావరి చెంత మేల్కొనవచ్చును.

ఇంత దగ్గరగా నున్నను, ఈ చిన్న యాత్రను చక్కగా చేసి వచ్చినవారు తక్కువ. కారణము దూరము కాదు, జాబితా. బయలుదేరుటకు ముందు ఇంటిలో ఒకరు కాగితము తీసికొని కూర్చుందురు. రాజమహేంద్రవరము వ్రాసిన పిదప, అంత దూరము పోయినవారము ద్రాక్షారామము చూడకుండ వత్తుమా యని దానిని చేర్తురు. దాని వెంట కోటిపల్లి, ర్యాలి, అంతర్వేది, అన్నవరము వచ్చి చేరును. పడవపై పాపికొండలు చూడవలెనని పిల్లలందురు. తుదకు రెండు దినములును కారులోనే గడచును. ఇంటికి వచ్చిన పిమ్మట “గోదావరి యెట్లున్నది?” అని యెవరైన అడిగినచో, వంతెనమీద పోవుచు కిటికీలోనుండి చూచినదే జ్ఞప్తికి వచ్చును.

కావున ఈ యాత్రకు రెండే సూత్రములు చాలును. ఒకటి: నదిని మొదట నిర్ణయించుకొని, తక్కిన వాటిని మిగిలిన సమయములో ఇముడ్చుకొనవలెను. రెండు: వెంట వచ్చువారిలో మిక్కిలి నెమ్మదిగా నడచువారు ఎవరో చూచి, వారి నడకకు తగినట్లు కాలమును పంచుకొనవలెను. తక్కిన యేర్పాట్లన్నియు ఈ రెంటినుండియే వచ్చును.

మొదట ఈ తీర్థము యొక్క విశేషమును కొంచెము చెప్పుకొందము. నాసికమునకు సమీపమున త్ర్యంబకమున పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరును. పాపికొండల నడుమ ఇరుకుగా, లోతుగా సాగు నది ఆ కొండలను దాటిన వెనుక విశాలమై, రాజమహేంద్రవరము కడ రెండున్నర కిలోమీటర్లకు మించిన వెడల్పున నిండుగా కనబడును. దీనినే మనవారు అఖండ గోదావరి యందురు. ఇంకను కొంచెము దిగువకు పోయి, ధవళేశ్వరము దాటగనే నది గౌతమి, వసిష్ఠ యను ముఖ్యశాఖలుగా చీలును. తుల్య, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ యని పెద్దలు సప్త గోదావరులను లెక్కింతురు. చీలిపోవుటకు ముందు నది యంతయు ఒక్కటిగా నిలిచి దర్శన మిచ్చు చివరి గొప్ప పట్టణ మిది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు ఇచ్చటనుండియే వేంగీ రాజ్యము నేలెను. నన్నయభట్టారకుడు మహాభారతాంధ్రీకరణమునకు పూనుకొన్నది ఆ రాజు కొలువుననే. తీర్థముగాను, తెలుగు కవిత్వమునకు పుట్టినిల్లుగాను ఈ పట్టణము మనకు రెండువిధముల పూజ్యము.

ఇక ఎప్పుడు పోవలె నన్నది ప్రశ్న. సెలవులు ఎప్పుడు దొరకునో చూచుటకు ముందు నది యెట్లుండునో చూచుట మేలు. జూలై మొదలు సెప్టెంబరు వరకు గోదావరికి వరదకాలము. ఎగువ వానలకు ఎఱ్ఱనీరు దిగి, నది ఒక్కరాత్రిలోనే మెట్లెక్కి వచ్చును. 1986 ఆగస్టులో వచ్చిన వరదను డెల్టాలోని వృద్ధులు నేటికిని మరువలేదు. వరద యెంత యున్నదో తెలిసికొనుటకు సులభమైన కొలత యొకటి కలదు. ధవళేశ్వరము ఆనకట్ట కడ నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు చేరినపుడు రెండవదానిని, 17.75 అడుగులకు చేరినపుడు మూడవదానిని అధికారులు ఎగురవేయుదురు. ఈ అంకెలను రేడియో వార్తలలోను పత్రికలలోను చెప్పుచునే యుందురు. మొదటి హెచ్చరిక వెలువడినదని విన్ననాడు ప్రయాణమును మానుకొనుట భయస్థుల లక్షణము కాదు. అట్టి దినములలో స్నానఘట్టములను మూసివేయుటయు కలదు. అంత దూరము పోయి ఆవలి మెట్టుపై నిలిచి నమస్కరించి రావలసివచ్చును.

ఏప్రిల్, మే నెలలలో వరద భయము లేదు గాని ఎండ తీవ్రము. ఈ కాలమును గూర్చి తెలిసికొనదగిన విషయ మొకటి కలదు. వేసవిలో సైతము పట్టణపు ఘట్టముల కడ నీరు కనబడుటకు దిగువనున్న ఆనకట్టయే ముఖ్య కారణము. ఆనకట్ట నీటిని నిలిపి యుంచును. నిలిచిన నీరు మెల్లగా కదలును. మెల్లగా కదలు నీటిలో మనము వేసిన పూలదండయైనను, పాతగుడ్డయైనను, ప్లాస్టికు సంచియైనను కొట్టుకొనిపోదు. ఘట్టము చెంతనే తిరుగుచుండును. గంగలో కలిసినదని మన మనుకొన్న వస్తువు మరునాడు వచ్చు భక్తుని కాళ్లకు తగులును.

కార్తికము మొదలు మాఘము వరకు ఈ యాత్రకు తగిన కాలము. వరద తీసి, నీరు తేరి, ఎండ హితముగా నుండును. కార్తిక మాసమున సాయంకాలమందు దీపములు నీటిపై తేలుచుండగా చూచుట కన్నులకు పండుగ. అయితే కార్తిక సోమవారములు, పూర్ణిమ, మహాశివరాత్రి దినములలో ఘట్టములు క్రిక్కిరిసి యుండును. నడువలేని పెద్దవారిని తీసికొనిపోవువారు ఆ దినములకు ముందో వెనుకనో రెండు దినములు ఎంచుకొనుట శ్రేయస్కరము. కార్తిక మాసమంతయు పుణ్యకాలమే కదా! సంక్రాంతి మూడు దినములు మాత్రము డెల్టా యంతయు బంధువులతో నిండి, రైళ్లలోను వసతి గృహములలోను చోటు దొరకదు.

ఇచ్చట పుష్కరముల మాట చెప్పక తప్పదు. బృహస్పతి సింహరాశిని ప్రవేశించిన వేళ గోదావరికి పుష్కరము వచ్చును. 2003లోను, 2015లోను వచ్చినది. మరల 2027లో రానున్నది. 2015 జూలై 14వ తేదీన, పుష్కరముల తొలినాటి ఉదయమున, రాజమహేంద్రవరము పుష్కర ఘట్టము కడ జరిగిన తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా యాత్రికులు ప్రాణములు కోల్పోయిరి. పుణ్యము కోరి వచ్చిన ఇంటివారిని వెదకికొనుచు బంధువులు ఆసుపత్రులచుట్టు తిరిగిన దినమది. ఆ దుఃఖమునుండి మనము నేర్చుకొనవలసిన దేమి? ఆనాడు పట్టణములో వేరు ఘట్టములు లేకపోలేదు. కోటిలింగాల ఘట్టమును ఆ పుష్కరముల కొరకే సుమారు కిలోమీటరు పొడవున విస్తరింపజేసిరి. అవతలి యొడ్డున కొవ్వూరు కలదు. పుష్కరము పండ్రెండు దినములు. నది యొక్కటే. అయినను మొదటి దినముననే, మొదటి గడియలోనే, ఆ యొక్క ఘట్టముననే మునుగవలె ననుకొనుటలో ప్రమాదమున్నది. ఏర్పాట్లు చేయువారి బాధ్యత వారికి కలదు. అది యెన్నటికిని తగ్గదు. కాని మన యింటి ముసలితల్లిని ఏ దినమున, ఏ ఘట్టమునకు తీసికొనిపోవలెనో నిర్ణయించువారము మనమే. 2027లో పోదలచినవారు ఏడవ దినముననో ఎనిమిదవ దినముననో, ఇంటికి చేరువనున్న ఏదో యొక చిన్న ఘట్టమున స్నానము చేసినను వారి పుణ్యమునకు లోపము లేదు. త్ర్యంబకము మొదలు అంతర్వేది వరకు ఆ పండ్రెండు దినములును పుష్కరమే.

కాలము నిర్ణయమైన పిదప ప్రయాణము. రైలు రిజర్వేషనును 2024 నవంబరు నుండి 60 దినములు ముందుగా ఇచ్చుచున్నారు. వృద్ధులకు క్రింది బెర్తు దొరకునట్లు ముందుగనే చూచుకొనుడు. పట్టణములో గోదావరి, రాజమండ్రి యను రెండు స్టేషనులు కలవు. విజయవాడ వైపునుండి వచ్చువారికి వంతెన దాటగనే గోదావరి స్టేషను, దాని వెనుక పెద్ద స్టేషనైన రాజమండ్రి వచ్చును. ఘట్టములకు గోదావరి స్టేషను చేరువ. కాని పెక్కు ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగునది పెద్ద స్టేషనులోనే. మీ బండి ఎచ్చట ఆగునో టికెట్టు కొనునపుడే చూచుకొనుడు. వంతెనపైకి బండి రాగానే సగము పెట్టె కిటికీల వైపు జరిగి నాణెములు విసరుట అలవాటు. పిల్లలు ఇది చూచి సంబరపడుదురు. అంత మాత్రమున తలుపు కడకు మాత్రము పోనీయరాదు.

ఆ వంతెనల చరిత్రయు పిల్లలకు చెప్పదగినదే. 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన తొంబదియేడేండ్లు రైళ్లను మోసి 1997లో విశ్రమించినది. దాని స్థానమున విల్లువంటి కమానులతో కొత్త వంతెన వచ్చినది. వీటి నడుమ, 1974లో, పైన రోడ్డు, క్రింద రైలు గల వంతెన నిర్మాణమైనది. వాహనములకు నాలుగవ వంతెన 2015లో తెరువబడినది. ఒక్క నదిపై నాలుగు తరముల నిర్మాణ నైపుణ్యమును ఒక్క సాయంకాలమున చూడవచ్చును.

వసతి విషయమున ఒక్క మాట. గది యెంత అందముగా నున్నదని కాక, ఘట్టమునకు ఎంత దూరమున నున్నది, మెట్లెన్ని, లిఫ్టు కలదా యని విచారింపుడు. ఘట్టమునకు దగ్గరగా నున్న సాధారణమైన గది, దూరమున నున్న గొప్ప గదికంటె మేలు. తడి బట్టలతో ఆటోలో ఊరంతయు తిరుగు బాధ తప్పును. స్నానమైన వెంటనే పెద్దవారు వచ్చి పడుకొనవచ్చును.

ఇప్పుడు చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యము; దీనికి డబ్బు ఖర్చు లేదు. గోదావరికి పోవువారిలో పెక్కుమంది పితృదేవతలకు తర్పణములు విడుచుటకో, పిండప్రదానమునకో పోవుదురు. ఘట్టమున పురోహితుడు కూర్చుండబెట్టి గోత్రము, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడుగును. తండ్రి పేరు తడబడక చెప్పుదురు. తాత పేరు చెప్పుదురు. ముత్తాత కడ ఆగిపోదురు. ఇక తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు అడిగినపుడు నీటిలో నిలిచి యొకరి ముఖ మొకరు చూచుకొందురు. “తాతమ్మ” అని పిలిచిన తల్లికి పేరొకటి యుండునని ఆ క్షణమునకు గాని తోచదు! అప్పుడు తడిచేతులతో టెలిఫోను తీసి, ఊరిలోని పెదనాన్నగారికో మేనత్తగారికో చేయుదురు. వారు ఎత్తినచో సరి. ఎత్తనిచో ఆ పేరు లేకుండగనే నువ్వులు నీళ్లు విడుతురు.

కావున బయలుదేరుటకు వారము దినములు ముందుగా ఇంటిలోని పెద్దవారి నడిగి ఒక కాగితముపై ఈ వివరములు వ్రాసికొనవలెను: గోత్రము, తండ్రివైపు మూడు తరముల పురుషుల పేర్లు, స్త్రీల పేర్లు, తల్లివైపు అట్లే, గతించిన తిథులు తెలిసినచో అవియు. ఈ పని జరుగు సాయంకాలము ఇంటిలో ఎన్ని కథలు వెలువడునో మీరే చూతురు. ఎవరు ఏ ఊరినుండి వచ్చిరి, ఏ వరదలో ఏ యిల్లు పోయినది, ఎవరి పేరు ఎవరికి పెట్టిరి యన్నది పిల్లలు అప్పుడు విందురు. యాత్రలో సగము ఫలము ఇంటనే లభించుననుట అతిశయోక్తి కాదు.

పురోహితునితో మొదటనే సౌమ్యముగా మాటలాడుకొనుడు. ఏ కార్యము చేయింపదలచితిమి, సామగ్రి ఎవరు తెచ్చుకొనవలె, దక్షిణ ఎంత, అన్నది కూర్చుండుటకు ముందే తేల్చుకొన్నచో తరువాత మనసున కష్టముండదు. పితృకార్యము ముగించి లేచునపుడు రూపాయలకై వాదులాడుట ఇరువురకును శోభ కాదు.

ఇక దినచర్య. మొదటి దినము ఉదయమున చేరితిమనుకొందము. ఎండ ముదరకమునుపే కోటిలింగాల ఘట్టముననో పుష్కర ఘట్టముననో స్నానము ముగింపుడు. క్రింది మెట్లకు పాచి పట్టి యుండును. గొలుసు పట్టుకొని, నడుము లోతు దాటక మునుగవలెను. ఈత వచ్చినవారికిని ఇదే నియమము. పట్టణపు మురుగు కలియు తావులకు ఎడముగా స్నానము చేయుట, ఘట్టపు నీటిని త్రాగక, ఆచమనమునకు తగినంత మాత్రమే తీసికొనుట ఆరోగ్యమునకు మంచిది. స్నానానంతరము కార్యము, తరువాత కోటిలింగేశ్వరస్వామి, మార్కండేయస్వామి దర్శనములు. పదునొకండు గంటలకు గదికి చేరవలెను. భోజనము చేసి, నాలుగు గంటల వరకు ఎవరును కదలరాదు. “వచ్చినది పడుకొనుటకా?” అని పడుచువారు విసుగుకొందురు. పెద్దవారు సాయంకాలమున నిలువగలుగుట ఈ మధ్యాహ్నపు విశ్రాంతిపైననే ఆధారపడి యున్నదని వారికి నచ్చజెప్పుడు.

సాయంకాలమును మాత్రము ఖాళీగా నుంచుడు. దీనికి కారణము కలదు. కాశీలో ఘట్టములు గంగకు పడమటి యొడ్డున ఉండి తూర్పునకు తిరిగియుండును. అందువలన స్నానము చేయువానికి నదిమీదుగా సూర్యోదయ మగును. రాజమహేంద్రవరము గోదావరికి తూర్పు గట్టున నున్నది. ఘట్టములు పడమటికి తిరిగియున్నవి. కావున ఇచ్చట నదిపై కనుపించునది సూర్యాస్తమయము. కొవ్వూరు వైపు సూర్యుడు దిగుచుండగా వంతెనల కమానులు నల్లగా నిలుచును. నీరు రాగివర్ణము దాల్చును. సూర్యాస్తమయమునకు గంట ముందుగా పోయి మెట్లపై పెద్దవారికి చాప పరచి కూర్చుండబెట్టుడు. పుష్కర ఘట్టమున సాయంకాలము గోదావరికి హారతి ఇచ్చు ఆచారము కలదు. ఆనాడు జరుగునో లేదో, ఏ వేళకో ఉదయముననే విచారించుకొనుడు. హారతి యున్నను లేకున్నను ఆ గంట కాలము నదికే చెందవలెను. ఆలయములు చూచుట, బజారు తిరుగుట వేరొకప్పుడు కావచ్చును.

రెండవ దినము ప్రాతఃకాలమున ఆవలి యొడ్డుకు పోయి కొవ్వూరులోని గోష్పాద క్షేత్రమును చూడుడు. గౌతమ మహర్షి గోహత్యా దోషము పోగొట్టుకొనుటకై తపస్సు చేసి గోదావరిని తెచ్చెనని, ఇచ్చట గోపాదము గుర్తు నిలిచెనని స్థలపురాణము. ఘట్టము ఇచ్చట తూర్పునకు తిరిగియున్నది. నిన్న అస్తమించిన సూర్యుడు నేడు నదిమీదుగా, రాజమహేంద్రవరము వెనుకనుండి ఉదయించుట చూడవచ్చును. ఒకే నదికి రెండు గట్లనుండి రెండు సంధ్యలు చూచుట ఈ చిన్న యాత్రకు దక్కిన భాగ్యము. పూర్వము పశ్చిమ గోదావరిలో నుండిన కొవ్వూరు 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో రాజమహేంద్రవరము కేంద్రముగా గల తూర్పు గోదావరి జిల్లాలో చేరినది. నది రెండు గట్లు నేడు ఒకే జిల్లా. రైలు రోడ్డు వంతెన పాతదైనందున అప్పుడప్పుడు మరమ్మతులకు మూసివేయుట కలదు. ముందునాటి రాత్రియే ఆటోవానిని అడిగి దారి తెలిసికొనుడు.

కొవ్వూరునుండి తిరిగివచ్చి ఫలహారము ముగించిన పిమ్మట మిగిలిన కాలములో ఏదో యొక్కటి ఎన్నుకొనుడు. పిల్లలు పై తరగతులవారైనచో ధవళేశ్వరము పోవచ్చును. పది కిలోమీటర్ల లోపుననే యున్నది. 1847లో ఆరంభించి 1852లో ముగించిన కాటను దొర ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల నడుమ నాలుగు భాగములుగా సాగినది. దాని స్థానమున నేడు కాటను పేరనే బ్యారేజి నిలిచియున్నది. చెంతనే ఆయన మ్యూజియము కలదు. కరవు, వరద ఒకదాని వెంట ఒకటి తినివేసిన నేల వరిచేలుగా మారిన విధము అక్కడ చూచిన పిల్లలకు గోదావరిని తల్లి యని యేల పిలుతుమో తెలియును.

సాహిత్యాభిరుచి గలవారు పట్టణములోనే యుండవచ్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు నివసించిన ఇల్లు మ్యూజియముగా నిలిచియున్నది. 1881 డిసెంబరు 11వ తేదీన ఆయన తొలి వితంతు వివాహమును జరిపించిన పట్టణమిది. ఇరువది యెనిమిదవ యేటికే గతించిన చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాల ఇచ్చటనే కలదు. గౌతమీ గ్రంథాలయము ఇచ్చటిదే. ఈ మూటిలో ఒక్కటైనను నింపాదిగా చూచుట, అన్నిటి గుమ్మములు తొక్కి వచ్చుటకంటె మేలు. ఏ దినమున సెలవో ముందుగా కనుగొనుడు.

ద్రాక్షారామము గాని, అన్నవరము గాని, అంతర్వేది గాని ఈ జాబితాలో చేర్చవలదని చెప్పుట ఆ క్షేత్రముల మహిమను తగ్గించుట కాదు. ద్రాక్షారామము సుమారు ఏబది కిలోమీటర్లు. పోయి, దర్శనము చేసికొని వచ్చుటకు ఒక పూట యంతయు పట్టును. అవి వేరొక యాత్రకు తగినవి. పాపికొండల పడవ ప్రయాణమునకును ఒక దినము ప్రత్యేకముగా కావలెను. ఆ ప్రయాణము నది స్థితిని బట్టియే చేయదగినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన, వరద నీటిలో, కచ్చులూరు కడ పర్యాటకుల పడవ మునిగి పలువురు మరణించిరి. అధికారుల అనుమతి గల పడవయే ఎక్కవలెను. లైఫు జాకెట్టు తొడిగిననే కూర్చుండవలెను. నది పొంగియున్ననాడు ఎవరు పిలిచినను పోరాదు.

తిరుగు ప్రయాణమున సంచిలో ఆత్రేయపురపు పూతరేకులు, చిన్న చెంబులో గోదావరి నీరు తెచ్చుకొందురు. ఆ చెంబు చాలును. నదికి మనము ఇచ్చి రావలసినది పూలు, పసుపు కుంకుమలు, నమస్కారము. విడిచిన బట్టలు, ప్లాస్టికు సంచులు, పటముల అద్దములు ఇచ్చి రాదగినవి కావు. ఘట్టముపై వాటికై పెట్టిన తొట్లుండును. లేనిచో మన సంచిలోనే తెచ్చుకొందము.

ఇట్లు చూచినచో రెండు స్నానములు, రెండు మూడు దర్శనములు, ఒక సాయంకాలము, ఒక ప్రాతఃకాలము, చూడదగిన చోటు మరొక్కటి: ఇంతియే ఈ యాత్ర. వినుటకు తక్కువగా తోచవచ్చును. కాని ఇంటికి వచ్చిన మరునాడు పెద్దవారు నీరసించి మంచము పట్టక, వాకిట కూర్చుండి పొరుగువారితో గోదావరి ముచ్చటలు చెప్పుచుండిరేని, యాత్ర సరిగా జరిగినదని తెలిసికొనుడు.

సెలవు ఎప్పుడు దొరకునో, రైలులో చోటు ఎప్పుడు దొరకునో నేడు చెప్పలేము. కాని ఆ పేర్ల కాగితమునకు సెలవు అక్కరలేదు. ఈ రాత్రి భోజనములైన పిదప అమ్మగారినో, నాయనమ్మగారినో, ఇంటిలో పెద్దవారు ఎవరున్న వారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆ మూడు తరముల పేర్లు అడిగి వ్రాసికొనుడు. చెప్పగలవారు ఉండగనే ఆ పని కావలెను. యాత్ర ఈ యేటనైనను కావచ్చును, మరు యేటనైనను కావచ్చును.